బీకాం తర్వాత ఎంఏ ఫిలాసఫీ చేద్దామనుకుంటున్నా, ఇంట్లో గొడవ. చదివినవాళ్లు చెప్పండి

నీలిమబ్బు_ఉప్పల్

అందరికీ నమస్తే. బీకాం చివరి సంవత్సరంలో ఉన్నాను. ఇంట్లో ఎంబీఏ అంటున్నారు, నేను ఎంఏ ఫిలాసఫీ అంటున్నాను. "ఎందుకమ్మా?" అని నాన్న అడిగితే గట్టిగా ఒక్క ముక్క చెప్పలేకపోయా. డిగ్రీలో ఎథిక్స్, అంటే నీతిశాస్త్రం అని ఓ చిన్న పేపరుండేది. క్లాసంతా గైడు బట్టీ పట్టి బయటపడింది. నాకు మాత్రం కాంట్ అనే జర్మన్ తత్వవేత్త దగ్గర బండి ఆగిపోయింది. మన స్నేహితుణ్ణి చంపడానికి ఒకడు వచ్చి తలుపు కొట్టి "వాడు లోపలున్నాడా?" అని అడిగినా సరే, అబద్ధం ఆడే హక్కు మనకు లేదని ఆయన 1797లో ఏకంగా ఒక వ్యాసమే రాశాడట. అంత తెలివైన మనిషి ఇంత మొండిగా ఎలా అన్నాడో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అలాంటివి తీరిగ్గా కూర్చుని చదవాలని ఉంది.

అమ్మ దృష్టిలో ఫిలాసఫీ అంటే వైరాగ్యం, కాషాయం. నాన్నకు జీతం టెన్షన్. క్లాసులో నిజంగా ఏం చెప్తారు? దేవుణ్ణి నమ్మేవాళ్లు చదవొచ్చా, చదివితే ఆ నమ్మకం పోతుందా? చదివినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? దయచేసి మోటివేషన్ వద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి.

అశోక్‌నగర్_అన్న

చెల్లీ, ముందు ఎంట్రన్సుల సంగతి. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఉస్మానియాకు సీపీగెట్. రెండింటికీ అప్లై చెయ్. బీకాం అని భయపడకు, ఈ సబ్జెక్టుకు ఇంజినీరింగ్ నుంచి కూడా వస్తారు.

సివిల్స్ కోసమైతే మాత్రం ఎంఏ చెయ్యొద్దు. ఫిలాసఫీ ఆప్షనల్ అంటే 250 మార్కుల పేపర్లు రెండు, సిలబస్ ఆప్షనల్స్ అన్నిట్లోకీ చిన్నవాటిలో ఒకటి. 2013 నుంచి జనరల్ స్టడీస్‌లో ఎథిక్స్‌కు ఇంకో 250 మార్కుల పేపర్ వచ్చింది, అక్కడ కూడా కొంత పనికొస్తుంది. అందుకని మా కోచింగ్ గల్లీలో సగం మంది ఇదే తీసుకుంటారు. కానీ మేం చదివేది నోట్సు. ప్లేటో ఒక పేజీ, శంకరుడు ఒక పేజీ, మధ్యలో టీ. ఎంఏలో ఒక్క పేజీని వారమంతా చదవమంటారు. ఆ ఓపిక సివిల్స్ తొందరలో ఉన్నవాడికి ఉండదు.

ఒక_తండ్రి_కూకట్‌పల్లి

నేను మీ నాన్నగారి వైపు అమ్మా, కోపం తెచ్చుకోకు. ఆసక్తి ఉంటే సాయంత్రాలు చదువుకోవచ్చు, యూట్యూబ్ నిండా ఉపన్యాసాలే. యవ్వనంలో రెండేళ్లు చిన్నవి కావు. మాకు తెలిసిన అబ్బాయి ఇలాగే సాహిత్యం అని ఎంఏ చేసి, ఇప్పుడు అదే ఎంబీఏ ఆలస్యంగా చదువుతున్నాడు. ఇక నీతి అంటావా, అది ఇంట్లో నేర్చుకోవాల్సింది. యూనివర్సిటీలో సర్టిఫికెట్ ఇస్తే వచ్చేది కాదు.

తార్నాక_తర్కం

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో చదివాను. క్లాసులో ఏం చెప్తారన్నదానికి ఒకే ఒక్క పాఠం చెప్తాను, మిగతాది నువ్వే ఊహించుకో.

అన్నంభట్టు అని 17వ శతాబ్దపు పండితుడు, మన తెలుగువాడే. తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకం రాశాడు. "బాలానాం సుఖబోధాయ" అని మొదటి శ్లోకంలోనే అంటాడు, పిల్లలకు తేలిగ్గా అర్థం కావడానికట! మేం పీజీలో తంటాలు పడ్డాం. తెలుసుకునే మార్గాన్ని ప్రమాణం అంటారు. అందులో అనుమాన ప్రమాణానికి (ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తెలుసుకోవడం) చెప్పే ఉదాహరణ ఇది. కొండ మీద నిప్పుంది, అది ప్రతిజ్ఞ, అంటే నిరూపించాల్సిన మాట. ఎందుకంటే పొగ కనిపిస్తోంది, అది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో చూస్తున్నాం కదా, అది ఉదాహరణ. ఈ కొండ మీదున్నదీ అలాంటి పొగే, ఉపనయం. కాబట్టి నిప్పుంది, నిగమనం. ఇంతవరకు ఎవరైనా ఒప్పుకుంటారు.

మా సారు అప్పుడు తిరగేసి అడిగారు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? క్లాసులో సగం మంది ఉంటుందన్నాం. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనప గుండును చూపిస్తుంది శాస్త్రం. దానిలో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె తగలాలి. మన కంటికి ఆనకుండా మధ్యలో ఉన్న ఆ తడి కట్టెకు తర్కంలో ఉపాధి (ఉద్యోగం కాదు, పైకి చెప్పని షరతు) అని పేరు. వాదన చెడిందంటే చాలాసార్లు ఎక్కడో తడి కట్టె దాగి ఉంటుంది.

ఇప్పుడు కూకట్‌పల్లి సార్ మాట వెనకున్న వాదనకు వద్దాం. "ఎంబీఏ చేసినవాళ్లకు ఉద్యోగాలొచ్చాయి, కాబట్టి ఎంబీఏ చేస్తే ఉద్యోగం వస్తుంది." ఇక్కడ తడి కట్టె ఏది? కాలేజీ పేరా, ఇంగ్లిషా, బాబాయి సిఫార్సా? ఎంబీఏ తప్పని నేననడం లేదు సార్. ఆ కట్టె ఏదో ముందు వెతకమంటున్నాను. ఎంఏలో రెండేళ్లూ ఈ పనే చేయిస్తారు.

ఒక_తండ్రి_కూకట్‌పల్లి

బాబాయి సిఫార్సు దగ్గర నవ్వొచ్చింది, కాదనను. కానీ తమ్ముడూ, నేను చెప్పిన సాహిత్యం ఎంఏ అబ్బాయి విషయంలోనూ ఒక తడి కట్టె ఉండొచ్చని నువ్వు అనకముందే నేనే అనేస్తున్నా.

హేతువాది_నల్లకుంట

తార్నాక బ్రదర్, మీ అన్నంభట్టు కంటే ముందే చార్వాకులు (కంటికి కనిపించిందే నమ్మాలన్న పాతకాలపు భౌతికవాదులు) దీన్ని పట్టుకున్నారు. "పొగ ఉన్నచోటల్లా" అన్నారు కదా, అన్ని చోట్లూ ఎవరు చూశారు? గడిచినవీ రాబోయేవీ చూడలేం. చూడకుండా "ఉన్నచోటల్లా" అనే మాట ఎలా వస్తుంది? అనుమానంతో తెలిసిందంటే, ఆ అనుమానానికి ఇంకో వ్యాప్తి, అంటే "ఇది ఉన్నచోటల్లా అది" అనే నియమం కావాలి, దానికి మరొకటి. అందుకే వాళ్లు ప్రత్యక్షం తప్ప మరో ప్రమాణం ఒప్పుకోలేదు. విచారమేమిటంటే చార్వాకుల వాదనలు మనకు ఎక్కువగా వాళ్ల ప్రత్యర్థుల పుస్తకాల్లోనే దొరుకుతాయి. తిట్టడానికి రాసుకున్నవాళ్లే దాచిపెట్టారన్నమాట.

యాకుత్‌పురా_రీడర్

భాయ్, ఇదే నిప్పు మా వైపు కూడా ఉంది. ఇమామ్ గజాలీ అని ఇస్లామిక్ పండితుడు, 1111లో పోయారు. ఆయన ఉదాహరణ దూది. దూదికి నిప్పు తగిలితే కాలుతుంది. మనం చూసింది ఏమిటి? తగలడం చూశాం, కాలడం చూశాం. "తగలడం వల్లే కాలింది" అన్నది చూశామా? ఆ రెంటికీ మధ్య తప్పనిసరి ముడి లేదు, కాల్చేవాడు అల్లా అంటారాయన. దీనికి తర్వాతి శతాబ్దంలో స్పెయిన్‌లోని కార్డోబా నుంచి ఇబ్న్ రుష్ద్ అనే తత్వవేత్త జవాబు రాశారు. వస్తువులకు వాటి స్వభావాలు లేవంటే, కారణాలే లేవంటే, ఇక జ్ఞానం అన్న మాటకే అర్థం లేదు పొమ్మన్నారు.

చూశారా, నల్లకుంట సార్ దేవుడొద్దని అడిగే ప్రశ్ననే గజాలీ సాబ్ దేవుడి కోసం అడిగారు!

ఇంకొకటి. ఈ ఊళ్లో ఈ చదువు కొత్తది కాదు. 1917లోనే ఉస్మానియా కోసం అనువాద సంస్థ పెట్టి, పాశ్చాత్య శాస్త్రాలూ తత్వశాస్త్రమూ ఉర్దూలోకి తెచ్చారు. సూఫీ కవి రూమీ మీద రాసిన ఖలీఫా అబ్దుల్ హకీం ఉస్మానియాలో ఫిలాసఫీ ప్రొఫెసరే. మా తాత తరంలో ఉర్దూలో కాంట్‌ను చదివినవాళ్లున్నారు. ఇప్పుడు మనం తెలుగులో అడిగితే గైడు చూపిస్తున్నారు.

తార్నాక_తర్కం

సలాం భాయ్. 1739లో స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ ఇదే అడిగాడని వెస్టర్న్ ఫిలాసఫీ పేపర్లో చదువుతాం. మూడు చోట్ల మూడు నోళ్లు, అదే నిప్పు. అయితే పరీక్షలో ఈ మూడూ కలిపి రాస్తే మార్కులు తగ్గే ప్రమాదం ఉంది. ఇండియన్ ఫిలాసఫీ ఒక పేపరు, వెస్టర్న్ ఒక పేపరు, ఇస్లామిక్ ఉంటే ఆప్షనల్. గోడలు సిలబస్ కట్టినవి. చదివేవాళ్లు దూకాల్సిందే.

నీలిమబ్బు_ఉప్పల్

బాబోయ్, మీరందరూ ఇలా మాట్లాడుతుంటే నాకు ఇంకా చేరాలనిపిస్తోంది. కానీ నా రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. మాది పూజలు గట్టిగా చేసే ఇల్లు. అమ్మ భయం అదే.

సీతాఫల్‌మండి_శర్మ

అమ్మాయీ, మాది పౌరోహిత్యం చేసే కుటుంబం. నేను ఎంఏ చేసే రోజుల్లో పొద్దున్న సంధ్యావందనం, పదకొండింటికి "లోకంలో ఇంత చెడు ఉంటే సర్వశక్తిమంతుడైన దేవుడు ఉన్నాడని ఎలా అంటారు?" అనే క్లాసు. రెండూ నడిచాయి. కష్టం నాస్తికుల ప్రశ్నల దగ్గర రాలేదు, మన పూర్వ మీమాంసకుల దగ్గర వచ్చింది.

వేదం అపౌరుషేయమని, అంటే ఎవరూ రాసింది కాదని తలకెత్తుకున్నది వాళ్లే. యజ్ఞాన్ని అక్షరం పొల్లుపోకుండా నిలబెట్టిందీ వాళ్లే. తీరా చూస్తే వాళ్లలో పెద్దవాడైన కుమారిలభట్టు సృష్టికర్త అనే ఈశ్వరుణ్ణి ఒప్పుకోడు. ప్రపంచాన్ని ఎవడో పుట్టించాడంటే, శరీరం లేనివాడు ఎలా పుట్టించాడు, ఏ కోరికతో పుట్టించాడు, అంతా దుఃఖంగా ఎందుకు పుట్టించాడు అని నిలదీస్తాడు. ఇది చదివి ఇంటికెళ్లి మా నాన్నగారిని అడిగితే, "ఆ సంగతి మాకు తెలుసులేరా, నువ్వు ముందు స్నానం చెయ్" అన్నారు. నమ్మకం పోవడం సంగతి అలా ఉంచు, మన ఇళ్లలో నమ్మకమంటే ఏమిటో నాకు అప్పుడు కొంచెం తెలిసింది.

మా బ్యాచ్‌లో సెమినరీ నుంచి వచ్చిన క్రైస్తవ యువకుడొకరు, మదరసాలో చదివొచ్చిన ఒకరు, అంబేద్కర్‌ను చదివి బౌద్ధం తీసుకున్న అమ్మాయి ఒకరు ఉండేవారు. కొందరికి నమ్మకం సడలింది, కొందరికి బిగిసింది. ఆ అమ్మాయి బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి మీద పేపరిచ్చిన రోజు ఎవరం క్యాంటీన్‌కు వెళ్లలేదు. "అంతా శూన్యమైతే నీ మాట కూడా శూన్యమే కదా" అని ప్రత్యర్థి అంటే, "నాకు ప్రతిజ్ఞే లేదు, ఇక దోషమెక్కడ?" అంటాడు నాగార్జునుడు. ఇది తప్పించుకోవడమా, జవాబా? నాకు ఇప్పటికీ తప్పించుకోవడంగానే తోస్తుంది. ఆమె ఒప్పుకోదు. మనమేమో ఆయన పేరున్న నాగార్జునసాగర్‌కు గేట్లు ఎత్తారంటేనే బయల్దేరతాం.

హేతువాది_నల్లకుంట

శర్మగారూ, బాగుంది గానీ నాదొక అభ్యంతరం. ప్రజల పన్నుతో నడిచే యూనివర్సిటీలో మతం పాఠాలు ఎందుకు? రాజ్యాంగం ఒప్పుకుంటుందా?

లక్డీకాపూల్_లా

ఒప్పుకుంటుంది సార్. ఆర్టికల్ 28(1) పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధను నిషేధించింది. మతాల గురించి చదవడాన్ని కాదు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే నిలబెట్టింది. దానికి ఎంతో ముందు 1948-49లో రాధాకృష్ణన్ అధ్యక్షతన వేసిన యూనివర్సిటీ ఎడ్యుకేషన్ కమిషన్ డిగ్రీ మొదటి ఏడాది మతాచార్యుల జీవితాలు, రెండో ఏడాది మత గ్రంథాల్లోంచి భాగాలు, మూడో ఏడాది మతతత్వశాస్త్రంలోని ప్రధాన సమస్యలు చదివించాలని సిఫార్సు చేసింది. రాష్ట్రపతి కాకముందు ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రం ఆచార్యుడు కదా. మనం మాత్రం ఆయన పేరుతో సెప్టెంబర్ 5న టీచర్లకు పూలిచ్చి ఊరుకున్నాం.

హేతువాది_నల్లకుంట

కాగితం మీద తేడా బాగానే ఉంటుంది. పాఠం చెప్పే మనిషి బోధకుడైతే చదువు ఎప్పుడు బోధ అయిపోతుందో తెలియదు. ఆ సంగతి కోర్టు చూడదు. సరే, ఈ ఒక్కదానికీ ఒప్పుకుంటా. చార్వాకుణ్ణి కూడా అదే శ్రద్ధతో చెప్పే సారు దొరికితే నేనే ఫీజు కడతాను.

నిర్వాహకుడు

కోర్టు తీర్పుల మీద ఇంకా మాట్లాడాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ అమ్మాయి చదువు గురించి.

పద్మారావునగర్_అక్క

కూకట్‌పల్లి సార్, "నీతి ఇంట్లో నేర్చుకోవాల్సింది" అన్నారు కదా, అక్కడ ఆగాను. ఫిలాసఫీ ఎంఏ చేసి చాలా ఏళ్లయింది, ఉద్యోగం వేరే. కానీ ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో, అంటే మనుషుల మీద చేసే మందుల పరీక్షలు న్యాయంగా ఉన్నాయా అని చూసే కమిటీలో బయటి సభ్యురాలిని. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఇలాంటి కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. డాక్టర్లే కూర్చుంటే కుదరదు, న్యాయం తెలిసినవాళ్లు, మామూలు మనిషి ఒకరు, సామాజిక శాస్త్రవేత్తో ఫిలాసఫరో ఎథిసిస్టో మతశాస్త్రం చదివినవారో ఒకరు ఉండాలి. మందుల కంపెనీలు ఇన్ని ఉన్న మన ఊళ్లో ఇది ఉత్త మాట కాదు.

ఏం చేస్తామో చెప్తాను. కొత్త మందు పరీక్షలో చేరే రోగి ముందు సంతకం పెట్టే అంగీకార పత్రం మా ముందుకొస్తుంది. ఇంగ్లిషులో నాలుగు పేజీలు, తెలుగులో ఆరు. ఒకసారి తెలుగు ప్రతిలో "యాదృచ్ఛికీకరణ పద్ధతిలో మీరు ప్లాసిబో విభాగానికి కేటాయించబడే సంభావ్యత కలదు" అని ఉంది. నేను దాన్ని గట్టిగా చదివి, "ఇది మా పనిమనిషికి వినిపిస్తే ఏమర్థమవుతుంది?" అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. చివరికి "చీటీ తీసినట్టు ఎంపిక చేస్తాం. మీకు అసలు మందు రావచ్చు, మందు లేని ఉత్త మాత్ర రావచ్చు. ఏది వచ్చిందో మీకూ డాక్టరుకూ తెలియదు" అని మార్పించాం. చదవడం రానివాళ్లయితే సంబంధం లేని సాక్షి దగ్గరుండి విని సంతకం చెయ్యాలి. ఆ సాక్షి నిజంగా విన్నాడా, వేలిముద్ర కోసం వచ్చాడా అనేది కూడా అడుగుతాం.

ఇక్కడ ఇంట్లో నేర్పిన నీతి సరిపోదు సార్. ఆ గదిలో ఉన్న అందరూ మంచి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు డబ్బు కోసం మందుల పరీక్షలకు వస్తారు. ఎక్కువ డబ్బిస్తే పేదవాణ్ణి ఆశపెట్టి లాగినట్టు, తక్కువిస్తే వాడి ఒంటిని చవగ్గా వాడుకున్నట్టు. ఎంత ఇవ్వాలి? మనిషిని ఉత్త సాధనంగా వాడకూడదన్న కాంట్ ఒక పక్కన, ఎక్కువమందికి మేలు జరిగితే మంచిదే అనే ఇంగ్లిష్ తత్వవేత్త మిల్ ఒక పక్కన కూర్చుంటారు. ఎవరి మాట పూర్తిగా విన్నా ఇబ్బందే.

2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే) టీకా వేసిన ప్రాజెక్టు గుర్తుందా? చాలా చోట్ల తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. తర్వాత జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, ఆ టీకా ప్రపంచమంతా వాడుతున్నదే. అయినా 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది, అందులో ఈ సంతకాల సంగతి ముఖ్యమైంది. మేలు చేసే పని కూడా అడగకుండా చేస్తే తప్పవుతుందా? వార్డెన్ మంచివాడే అయివుండొచ్చు. మంచివాడు అయితే చాలా?

ఈ కమిటీతో జీతం రాదు నీలిమా, కూర్చున్నందుకు కొద్దిగా ఇస్తారు అంతే. ఉద్యోగం అని చెప్పడం లేదు.

ఒక_తండ్రి_కూకట్‌పల్లి

అక్కగారూ, వార్డెన్ సంతకం విషయం నాకు తెలియదు. మా అమ్మ గుండె ఆపరేషన్‌కు నేనే చదవకుండా సంతకాలు పెట్టాను, ఎన్ని కాగితాలో కూడా చూడలేదు. దీని గురించి ఆలోచిస్తాను. కానీ మీరే అన్నారు, జీతం రాదని. నా మాట అక్కడే ఉంది.

గచ్చిబౌలి_స్కాలర్

జీతం గురించి అందరూ పక్కదారి పడుతున్నారు, నేను చెప్తా. పీహెచ్‌డీలో ఉన్నాను. ఎంఏ ఒక్కటే పట్టుకెళ్తే ఏ ఆఫీసూ పిలిచి కూర్చోబెట్టదు. దారి ఇలా ఉంటుంది. ఎంఏ రెండో ఏడాది నుంచే నెట్‌కు, అంటే లెక్చరర్ అర్హత పరీక్షకు చదవాలి. అందులో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, ఈ మొత్తం 2023 జనవరి నుంచి. దానికి ముప్పై ఏళ్ల వయోపరిమితి, కొన్ని వర్గాలకు, ఆడవాళ్లకు సడలింపు. జేఆర్‌ఎఫ్ ఉంటే పీహెచ్‌డీ ఇంట్లో అడక్కుండా నడుస్తుంది. తర్వాత లెక్చరర్ పోస్టులు చాలా తక్కువ. మన దగ్గర డిగ్రీ కాలేజీల్లో ఫిలాసఫీ సబ్జెక్టే అరుదు, కాబట్టి ఇతర రాష్ట్రాలకు వెళ్లడానికి సిద్ధపడాలి. మా సీనియర్లలో కొందరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కంటెంట్ పాలసీ (ఆన్‌లైన్లో ఏ పోస్టులు ఉండొచ్చో నిబంధనలు చూసే) పనిలో ఉన్నారు, ఒకరు పుస్తకాల ఎడిటింగ్, ఇద్దరు స్కూల్ టీచర్లు. ఎవరూ ఆకలితో లేరు, ఎవరూ ధనవంతులు కాలేదు.

చేరేముందు ఒక పరీక్ష పెట్టుకో. స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ ఆన్‌లైన్లో ఉచితం. కాంట్ నీతిశాస్త్రం మీదున్న వ్యాసం తెరిచి పూర్తిగా చదువు. ఇంగ్లిషు గట్టిగానే ఉంటుంది. సగంలో విసుగొస్తే ఎంబీఏలో చేరిపో, అందులో తప్పేం లేదు. అర్థం కాకపోయినా రేపు మళ్లీ చదవాలనిపిస్తే రా.

నీలిమబ్బు_ఉప్పల్

అందరికీ చాలా థాంక్స్. ఆ వ్యాసం మొదలుపెట్టా. తలనొప్పి వస్తోంది, వదలబుద్ధి కావట్లేదు. కాంట్ అబద్ధం సంగతి మీద పండితులే కొట్టుకుంటున్నారని తెలిసి కాస్త ఊరట.

నాన్నకు తార్నాక అన్న తడి కట్టె పోస్టు చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే నీ ఫిలాసఫీకి తడి కట్టె ఏదో అది కూడా అడిగి రా" అన్నారు.

తార్నాక_తర్కం

మీ నాన్నగారిని ఎంఏలో చేర్పించు, మంచి తార్కికుడవుతారు. జవాబు గచ్చిబౌలి స్కాలర్ పోస్టులోనే ఉంది. పొగ రావాలంటే ఇంగ్లిషులో చదివి రాయగలగాలి, నెట్ గట్టెక్కాలి, ఊరు వదలడానికి సిద్ధపడాలి. వీటిలో నీకు ఏవి కుదురుతాయో నాన్న ముందు కూర్చుని లెక్క వెయ్. బీకాం కదా, లెక్క వెయ్యడం వచ్చు.

నీలిమబ్బు_ఉప్పల్

సీయూఈటీ, సీపీగెట్ రెండూ రాస్తా. జేఆర్‌ఎఫ్ రాకపోతే బ్యాంకు పరీక్షలు రాస్తానని నాన్నతో ఒప్పందం. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు, శర్మగారి పోస్టు మాత్రం రెండుసార్లు చదివించుకుంది.

మెహిదీపట్నం_కొత్త

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. తర్కసంగ్రహం తెలుగు తాత్పర్యంతో పాతది ఎక్కడైనా దొరుకుతుందా? నాకు సంస్కృతం రాదు.

సీతాఫల్‌మండి_శర్మ

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓపిగ్గా వెతకండి, సంస్కృతం, ఆయుర్వేదం, జ్యోతిషం కలిపి పోసిన కుప్పల్లో ఉంటుంది. దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టండి, నా దగ్గర రెండు ప్రతులున్నాయి. ఒకటి ఇస్తా, రాసిన పెన్సిల్ గీతలు చెరపకండి.